రూఫ్‌లో చిల్లు

"తలుపులెయ్యరా!" రిపేర్ల ఎస్టిమేటరు లోపల్నుంచే కేకేస్తాడు. లాక్ రాడ్లు ఖంగుమని పడతాయి. విశాఖపట్నంలో షీలానగర్ వైపు ఖాళీ కంటైనర్ల యార్డు, మే నెల మిట్టమధ్యాహ్నం. నలభై అడుగుల ఇనప పెట్టెలో మీరూ అతనూ తప్ప ఏమీ లేదు. చీకటి. కనుబొమల మీంచి చెమట కారుతోంది.

"కళ్ళు అలవాటు పడనీండి సార్. ఇప్పుడు పైకి సూడండి."

ముందు గోడకు దగ్గరగా, ఎడమ మూల, ఆవగింజంత వెలుతురు. అతను చేయెత్తి దాని చుట్టూ సుద్దతో సున్నా చుడతాడు. క్రేన్ స్ప్రెడర్ లాకు మూల కాస్టింగ్‌లో దిగాల్సింది గురి తప్పి రేకు మీద దిగింది. ఆ రేకు మందం 2 మిల్లీమీటర్లే. దీన్ని వదిలేస్తే నడిసముద్రంలో కింది బియ్యం బస్తా తడుస్తుంది. ఆ బస్తా వేసినవాడికి ఈ చిల్లు సంగతి ఎప్పటికీ తెలీదు.

బయట పక్క గోడకు ఒక నొక్కు ఉంది. స్కేలు ఆనించి, లోతు కొలిచి, "28 మిల్లీమీటర్లు. ముప్పై అయిదు దాటలేదు, రాయక్కర్లేదు" అంటాడు. నాకు నచ్చింది ఇదే. అక్కర్లేని పని ఎస్టిమేట్‌లోకి ఎక్కించిన యార్డును షిప్పింగ్ లైనువాళ్ళు మళ్ళీ నమ్మరు.

ఆఫీసులో కోఆర్డినేటర్ మేడమ్ ఫొటోలు ఎక్కించి కోడ్లు కొడుతోంది. రూఫ్‌కి టీ, చిల్లుకి హెచ్ ఓ, అతుక్కి పీ టీ. ఎక్కడో కూర్చున్న లైను మనిషికి ఈ అక్షరాలు చాలు. ఖర్చెవరిదో తేల్చేది మాత్రం గేటు దగ్గర రాసిన చీటీ. పెట్టె లోపలికొచ్చినప్పుడే చిల్లు రాసి, డ్రైవరు సంతకం ఉంటే వాడుకున్నవాళ్ళది. అడుగు క్రాస్ మెంబరుకు పట్టిన తుప్పు వయసుతో వచ్చింది, అది ఓనరుది. గేటులో కళ్ళు మూసుకుంటే ఇక్కడ రోజుల తరబడి మెయిళ్ళ యుద్ధమే.

లైను నుంచి రిపేరుకి అప్రూవల్ ఇంకా రాలేదు. ఈలోగా ఫోను.

"మేడమ్, బండి గేటు కాడుంది. పెట్టె ఇచ్చీండి."

"అది ఇవ్వనన్నా. ఇంకోటి చూస్తున్నా, కాస్త ఆగండి."

ఆ ఇంకోటి దొంతరలో అట్టడుగున ఉంది. పైనున్న నాలుగింటినీ దించితేగాని రాదు. హ్యాండ్లర్ ఆపరేటర్‌ని భోజనం మధ్యలో పిలవాలి. పిలుస్తుంది, "ఏమనుకోకన్నా" అంటూనే.

నాలుగున్నరకు అప్రూవల్ వస్తుంది. వెల్డరు చెడిన రేకు కోసి, అతుకు చుట్టూ సందు లేకుండా అతికిస్తున్నాడు. లోపల హెల్పరు నీళ్ళ బకెట్టుతో నిప్పురవ్వల్ని కనిపెడుతూ నిలబడ్డాడు, నేలంతా 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కదా. ప్రైమరు ఆరాక మళ్ళీ తలుపులు మూస్తారు. వెలుతురు చుక్క లేదు.

మేడమ్ వెంటనే ఓకే కొట్టదు. తలుపు మీది సీఎస్‌సీ పలక ఫొటో పెద్దది చేస్తుంది. కంటైనర్ల భద్రతకు 1972లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం పెట్టిన పలక అది. తయారైన అయిదేళ్ళలోపు మొదటి తనిఖీ, ఆపైన ముప్పై నెలలకోసారి. దీని గడువు వచ్చే నెలే, ఓడ అవతలి రేవు చేరేలోపే దాటిపోతుంది. మళ్ళీ ఫోను తీస్తుంది.

"సార్, చిల్లు అయిపోయింది. తనిఖీ కూడా ఇక్కడే చేయించేద్దాం. మెయిల్ పెడుతున్నా, ఈ రాత్రికే ఓకే ఇవ్వండి."