ఊరి మాటకు కొలత నేర్పిన చదువు

ఎర్రమట్టి దిబ్బల పేరులోనే చిన్న పొరపాటుంది. అక్కడున్నది మట్టి కాదు, ఇసుక. భీమిలి దారిలో ఫీల్డు వర్కుకి వెళ్లిన మొదటి రోజున మాకు తెలిసిందదే. గుప్పెడు ఇసుక మూటగట్టి తెచ్చి, లేబొరేటరీలో వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడిగాం. ఎరుపంతా ఆమ్లంలోకి దిగిపోయి, అడుగున పాలిపోయిన క్వార్ట్జ్ రేణువులు మిగిలాయి. నడుమ నల్లగా ఇల్మనైట్, అక్కడక్కడా గార్నెట్. రోజూ సాయంత్రం బీచిలో మా కాళ్లకు అంటుకునే ఇసుకే ఇది! ఆ ఎరుపు రేణువు మీద పట్టిన ఇనుప తుప్పు పూత, అంతే.

మరి తీరపు ఇసుక అంత ఎత్తుకి ఎలా ఎక్కింది? సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగింది. బయటపడ్డ సముద్రపు నేల మీది ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసిందని పరిశోధకులు చెబుతారు. ఆ తరవాత వాననీరు దాన్ని కోసి కోసి గెడ్డలుగా చీల్చింది. ఊరివాళ్లు పేరు పెట్టారు. విశ్వవిద్యాలయం వయసు చెప్పింది. వాల్తేరులో మేం చదివిన భౌతిక భూగోళం మొత్తం ఈ రెండు వాక్యాల్లో ఇమిడిపోతుంది.

1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. ఎదురుగా బంగాళాఖాతం, వెనక కైలాస కొండల వరస, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, ఉత్తరాన భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని. కొండల్లోని ప్రధానమైన రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఇప్పుడు భూగోళం, భూగర్భం, వాతావరణం, సముద్రం అంటూ వేరువేరు శాఖల బోర్డులున్నాయి కానీ, భౌతిక భూగోళం చదివేవాడికి అవన్నీ ఒకే ఇంటి గదులు.

మొదటి గదిలో పెద్దదిక్కు సి. మహాదేవన్ గారు. సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, హైదరాబాద్ జియలాజికల్ సర్వేలో పనిచేసి, 1940ల్లో వాల్తేరు వచ్చి భూగర్భ శాఖను నిలబెట్టారు. ఇక్కడి తీరానికి ఆవల, సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆయన పేరే ఉంది.

ఆ పేరు పెట్టింది అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్. 1950ల్లో ఆయన ఇక్కడ పాఠాలు చెప్పారు. ఎండాకాలం మొదట్లో తీరం వెంట నైరుతి గాలి వీస్తే, భూభ్రమణం వల్ల పైనీరు ఒడ్డు నుంచి సముద్రం లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగునున్న చల్లని నీరు ఎగదన్నుకొస్తుంది. పోషకాలు దానితోపాటే వస్తాయి, వాటి వెంట చేప వస్తుంది. 1954లో విశ్వవిద్యాలయం అచ్చువేసిన సంపుటంలో ఆయన ఈ సంగతిని లెక్కలతో చూపించారు.

వి.పి. సుబ్రహ్మణ్యం గారిది వాన లెక్క. థార్న్‌త్వైట్ పద్ధతిలో భారతదేశపు నీటి జమాఖర్చు కట్టి 1956లో ప్రకటించారు. కురిసిన వాన జమ, ఆవిరైంది ఖర్చు, నేలలో నిలిచింది నిల్వ. పద్దు రాసే షావుకారుకి సైతం అర్థమయ్యే శాస్త్రం. కరువు వాన తక్కువైతేనే రాదని, ఖర్చు ఎక్కువైనా వస్తుందని మాకు ఆ పద్దులోనే తెలిసింది.

నా ఇష్టమైన గది మాత్రం ఏరియల్ ఫొటోలది. మాది కృష్ణా డెల్టాలో సముద్రం దాపున ఉన్న ఊరు. ఇళ్లూ కొబ్బరి తోటలూ మెరక మీద, వరి పల్లంలో, ఇంకా దిగువన ఉప్పు పర్ర. ఊరెందుకు పొడుగ్గా తాడులా సాగిందో చిన్నప్పుడు ఎవరూ అడగలేదు. క్లాసులో బల్ల మీద పరిచిన ఫొటోలో లేత చారలు, ముదురు చారలు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి. ప్రతి లేత చారా ఒకనాటి ఒడ్డే. మా తాత కట్టిన ఇల్లు పాత సముద్ర తీరం మీద ఉంది! ఆర్. వైద్యనాథన్ గారు, ఆయన శిష్యులు 1970ల్లో ఇలాంటి చారలు పట్టుకునే కృష్ణా, గోదావరి డెల్టాలు ఎలా పెరిగాయో చెప్పారు. సుమారు ఆరు వేల ఏళ్ల కిందట తీరం కొల్లేటి దగ్గర ఉండేది.

పెరిగిన డెల్టా తరగడం కూడా ఈ ఇంటివాళ్లే కొలిచారు. "సముద్రం ముందుకొచ్చిందిరా" అని ఒడ్డు ఊళ్ల పెద్దలు అంటుంటే విని ఊరుకునేవాళ్లం. బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు గార్లు 2004లో లెక్క తేల్చారు. 1976 నుంచి 2001 లోపు గోదావరి డెల్టా అంచున 1,800 హెక్టార్లకు పైగా నేల కడలిలో కలిసింది. 1970ల్లో ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చిన నది, 1990ల్లో 5.7 కోట్ల టన్నులే తెచ్చింది. మిగతా ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనక ఆగిపోయింది. సముద్రం ఎప్పటిలాగే తీసుకుంటోంది, నది ఇవ్వడం తగ్గించింది. పెద్దల మాట నిజమే. కారణం మాత్రం వాళ్లు చూస్తున్న వైపు లేదు, వీపు వెనక ఉంది.

ఎర్రమట్టి దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అదే ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని ఊపేసింది. పాఠం ప్రాంగణం లోపలికే వచ్చిన రోజది.

విశ్వవిద్యాలయం నూరేళ్ల పండుగ సందర్భంగా శాఖకు పాత విద్యార్థిగా ఒక మనవి. కొత్తగా చేరే ప్రతి పిల్లవాడి చేతా, ప్రతి పిల్ల చేతా ఒక రిజిస్టరులో వాళ్ల ఊరి నేల మాటలు రాయించండి. మెరక, పర్ర, లంక, తిప్ప, గెడ్డ. శ్రీకాకుళం వాళ్ల మాట కోనసీమ వాళ్లకు తెలియదు, పాడేరు వాళ్ల మాట ఇద్దరికీ తెలియదు. ఎదురు గడిలో ఆ చోటు ఎత్తు, రేణువు పరిమాణం, నీటి లోతు వాళ్లే కొలిచి నింపాలి. మొదటి వరస నేను పూరిస్తాను: మెరక. కొలత కోసం ఈ సంక్రాంతికి టేపు పట్టుకుని ఊరికి వెళ్తున్నాను.