స్థూలకాయమును, మెట్టధాన్యములును

మా గ్రామపు రచ్చబండకడ మునుపు వినబడని మాట యొకటి యిప్పుడు వినవచ్చుచున్నది. “పంతులుగారూ, వైద్యుడు బరువు తగ్గుమన్నాడు. కడుపు మాడ్చుకొని యెన్నాళ్లుండగలను?” అని నా యీడు పెద్దలే యడుగుచున్నారు. మాడ్చుకొన నక్కఱలేదనియు, తినెడు పదార్థమును మార్చిన చాలుననియు పూర్వులు చెప్పియున్నారు. ఆ కథనే నేడు మనవి చేసెదను.

చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము ఎనిమిది విధములగు నింద్యశరీరములను చెప్పి, వానిలో అతిస్థూలునిగూర్చియు అతికృశునిగూర్చియు విశేషముగా విచారించినది. ఈ యిరువురిలో కృశుడే మేలని యచటి తీర్పు. బొజ్జను చూచి కలిమి యనుకొను మన లోకమున కిది వింతగా తోచును. అతిభోజనము, తీపి, జిడ్డు, పగటినిద్ర, వ్యాయామము లేమి స్థౌల్యమునకు హేతువులట. తల్లిదండ్రులనుండి సంక్రమించు బీజస్వభావమును గూడ ఆచార్యుడు మఱవలేదు.

స్థూలునకు ఆకలి మిక్కుటము. మేదస్సు మార్గములను మూయగా, వాయువు కోష్ఠమందే తిరుగుచు జఠరాగ్నిని రగుల్చునని చరకుని వివరణము. నేటి శాస్త్రము ఈ వాయువు నంగీకరింపదు. కాని అట్టి యాకలిగలవానిని పస్తుంచిన కార్యము చెడునను గ్రహింపు మాత్రము నేటికిని నిలిచియున్నది. కావుననే అతనికి గురువై, అనగా కడుపున నిలిచి యాకలి నడచునదై, యధికపుష్టి నీయని యాహారము విధింపబడినది. ఏవి యవి? యవలు, కొఱ్ఱలు, చామలు, ఆరికలు, జొన్నలు. పెసలు, ఉలవలు, కందులు. వానితో పొట్ల, ఉసిరిక. విద్యార్థిదశలో దీనిని చదివినపుడు, ఇది వైద్యగ్రంథమా, మా మెట్టయూరి గాదెల లెక్కయా యని నాకు నవ్వు వచ్చినది.

ఇదే మర్మము లండను నగరమున వేఱొక త్రోవను బయటపడినది. విలియం బాంటింగు అను శవపేటికల వర్తకుడు 1862లో, సుమారు 66 ఏండ్ల ప్రాయమున, 202 పౌనుల బరువుండెను. వంగి జోడు ముడివేసికొనజాలడు. మెట్లు వెనుకకు తిరిగి దిగవలసినదే. పడవ నడపి చూచెను. ఆకలి హెచ్చి బరువు పెరిగినది! చెవుడునకై హార్వీ యను చెవివైద్యుని కడకు పోగా, ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానిపించి, మాంసము, చేపలు, కూరలు, పండ్లు విధించి, రొట్టెముక్కను కొంచెము మిగిల్చెను. ఏడాదిలో 46 పౌనులు తగ్గినది. 1863లో ఆ వృత్తాంతమును బాంటింగు చిన్నపుస్తకముగా అచ్చొత్తించెను. పదార్థములు చరకునివి కావు. పస్తు లేకుండుట మాత్రము ఇరువురియందును సమానమే.

మఱి మన గాదెలేమైనవి? జొన్నకూటిని ఎగతాళి చేయు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని చెప్పుకొందురు; అనగా సన్నబియ్యము గౌరవమునకును, జొన్న లేమికిని గుర్తులగుట ప్రాతదే. ధవళేశ్వరమువద్ద గోదావరికి 1852లోను, బెజవాడవద్ద కృష్ణకు 1855లోను ఆనకట్టలు పూర్తియై మాగాణి విస్తరించినది. పిమ్మట మరలు వచ్చి తవుడు తీసి బియ్యమును తెల్లబఱచినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిననాటికి నేను క్రొత్తగా బడిపంతులను. పండుగకు గాని వరియన్న మెఱుగని యిండ్లలో పూటపూట అన్నము కుతకుతలాడినది. దానిని తప్పుపట్టు నోరు నాకు లేదు. ఆకలితో బడికి వచ్చిన పిల్లలను చూచినవాడను.

ఒక్క హెచ్చరిక. జొన్నయైనను మితిమీరిన లావెక్కించును. దాని శక్తి బియ్యపు శక్తికి దాదాపు సమానమే. మేలంతయు పొట్టులోని పీచునందు, త్వరగా కడుపు నిండుటయందు నున్నది. మధుమేహమునకు మందు వాడువారు వైద్యునడుగక భోజనమును మార్పరాదు.

ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప పట్టణములవారికి కొఱ్ఱలపై మక్కువ మఱింత కలిగినది. అంగడిలో నిప్పుడవి సన్నబియ్యముకంటె ప్రియము. మా యూర కూలిచేసికొను ముసలివాడు, బరువును చక్కెరవ్యాధియు కలవాడే, వెల యడిగి సంచి మడిచికొని చౌకదుకాణపు బియ్యమునకే పోవుచున్నాడు.