ప్రపంచం ఎక్కడ మలుపు తిరిగింది? యూరియా లైన్ల పెట్టుకున్న పంచాయితీ

ఈసారి పోస్టు కొంచెం పెద్దగుంటది. తీరికున్నప్పుడే చదవండి.

పోయిన వానాకాలం యూరియా కోసం పొద్దుగాల నాలుగింటికే లైన్ల చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చున్నం. ఊసుపోక ముచ్చట మొదలైంది. మా ఊరి రిటైర్డ్ సారు "ఇప్పుడున్న ప్రపంచం 1789 ఫ్రెంచి విప్లవంతోనే పుట్టింది" అన్నడు. గ్రూప్స్‌కు చదివే పిలగాడు "కాదు సార్, ఆవిరి యంత్రంతోటి" అన్నడు. ఒక పెద్దాయన "అవి నాకెర్కలేదు బిడ్డా, సాగర్ నీళ్లొచ్చిన నాడే మన ప్రపంచం మారింది" అన్నడు. నేను నవ్వి "మనం దేనికోసం లైన్ల ఉన్నమో అదే అసలు మలుపు" అన్న. అన్నగని, ఇంటికొచ్చినంక నా మాట మీద నాకే అనుమానమొచ్చింది.

ముందు నా మాటే తీసుకుందాం. గాలి నిండా నత్రజనే, కానీ వరి మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. 1909ల జర్మనీ దేశపు ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనితో అమ్మోనియా చేసి చూపెట్టిండు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించిండు, 1913ల పని మొదలైంది. అంతకుముందు యూరప్ దేశాలు చిలీ నుంచి ఓడలల్ల నైట్రేటు తెచ్చుకునేటివి. మరుసటేడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, అదే అమ్మోనియాతో జర్మనీ బాంబుల మందు కూడా చేసింది. మన బస్తాలున్న యూరియా కూడా అమ్మోనియాతో చేసిందే.

కానీ ఒక్క యూరియాతోటే అయిపోలేదు. మన పాత పొడుగు వడ్లకు ఎరువు ఎక్కువైతే పైరు పడిపోయేది. 1966ల ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టి రకం విడుదల చేసింది. ఎంత ఎరువేసినా నిలబడింది. మన తెలుగు నేల మీద పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి పేరు తెచ్చుకున్నరు. మరి ఆ వరికి నీళ్లు కావాలె గదా? అంటే పెద్దాయన మాట దగ్గరికే వచ్చినం.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నందికొండ దగ్గర సాగర్‌కు శంకుస్థాపన చేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు జొన్న చేన్లు వరి మళ్లయినయి. మిర్యాలగూడల అన్ని రైసుమిల్లులు ఊరికే లేవలేదు. చూడండి, కొత్త వడ్లు 1966ల, నీళ్లు 1967ల. ఒకదాని ఎనక ఒకటి వచ్చినయి. అందుకే పెద్దాయన మాట కొట్టేయలేం.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడుగుతా. అదే నీళ్లు 1940ల వచ్చి ఉంటే ఎవరి మడిల పారేటివి?

మా తాత దొర గడికి వెట్టి చేసినోడు. దొర పొలం తడిసేదాక మన పొలంల నీళ్లు పెట్టొద్దు, దొర నాట్లు అయ్యేదాక మన నాట్లు వద్దు. సూర్యాపేట తాలూకాల జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిన్రు. 1946 జూలై 4న కడవెండిల విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులల్ల దొడ్డి కొమరయ్య చనిపోయిండు. ఆ ఎనక ఊరూరా లేచింది. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం మన కరివిరాల కొత్తగూడెం బిడ్డలే. జనం గడీలల్లున్న అప్పు పత్రాలు తగలబెట్టిన్రు.

ఇప్పుడు సారు చెప్పిన 1789 చూడండి. ఆ ఏడు ఫ్రాన్స్ రైతులు చేసింది కూడా ఇదే. జమీందార్ల కోటలల్ల చొరబడి తమ బాకీల కాగితాలు కాల్చిన్రు. దానికి భయపడే ఆగస్టు 4 రాత్రి అక్కడి సభ దొరల హక్కులు రద్దంది. అంటే పారిస్ ముచ్చట సారుది, గడి ముచ్చట మా తాతది, రెండూ ఒక్కటే. అక్కడైనా ఇక్కడైనా రైతు ముందు కాల్చింది కాగితాన్నే. తనను కట్టేసింది అదేనని వాడికి ఎర్కే.

కాల్చినంత తొందరగా కొత్త కాగితం రాలేదు. ఫ్రాన్స్‌ల పరిహారం కట్టకుండా ఆ బాకీలు పూర్తిగా పోయింది 1793లనే. మనకాడ 1948 సెప్టెంబర్ పోలీసు చర్య ఎనక చాలా ఊర్లకు దొరలు తిరిగొచ్చి పంచిన భూములు మళ్లా గుంజుకున్నరు. 1950 కౌల్దారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కు ఇచ్చింది. తర్వాత 38-ఇ కింద పట్టాలు చేతికి వచ్చేసరికి చాలా మందికి తరం మారింది.

అందుకే నా లెక్క ఇది. భూమి ముందు, నీళ్లు తర్వాత, విత్తనం, యూరియా ఆ తర్వాత. భూమి దున్నెటోని చేతికి కొంతన్నా రాకుంటే సాగర్ మనకు ఇంకో గడి చెరువే అయ్యేది. నీళ్లు లేని భూమి కూడా కడుపు నింపలేదు, అది తుంగతుర్తి దిక్కు అన్నలను అడగండి. పోరాటం వాళ్ల దగ్గర ముందు, కాల్వ నీళ్లు మన దగ్గర ముందు.

మళ్లా ఆ లైన్ దగ్గరికొస్తా. నాకు రెండెకరాలు పట్టా, మూడెకరాలు కౌలు. ఆ రోజు బస్తాలు పాసుబుక్కు లెక్కన ఇచ్చిన్రు. నాకు రెండెకరాలకే దొరికింది. నా ఎనక నిలబడ్డ తమ్మునికి సొంత గుంట లేదు, నాలుగెకరాలు కౌలుకు చేస్తడు. పట్టాదారు హైదరాబాద్‌ల ఉంటడు, ఫోన్ ఎత్తలే. తమ్ముడు పొద్దంతా నిలబడి ఉత్త చేతులతోటి పోయిండు. పెట్టుబడి సాయం కూడా పట్టా ఉన్నోని ఖాతాలనే పడుతది.

తాతల కాలంల కాగితం ఉన్నందుకు బాధపడ్డం, ఇప్పుడు కాగితం లేనందుకు బాధపడుతున్నం. 1950ల కౌలుదారుకు చట్టంల చోటు దొరికింది. ఇయ్యాల పొలంల బురద తొక్కేటోడు మళ్లా లెక్కల లేడు. మన జిల్లాల మలుపు ఇంకా పూర్తిగా తిరగలేదని నేను అంటున్న.

మీ ఊర్ల ఎంతమంది కౌలుకు చేస్తున్నరో, వాళ్లకు బస్తా ఎట్ల దొరికిందో రాయండి. నా మాట తప్పనిపిస్తే అదీ రాయండి. ఇంట్ల ముసలోళ్లుంటే వెట్టి ముచ్చట, సాగర్ నీళ్లు మొదటిసారి చూసిన ముచ్చట అడిగి రాసిపెట్టుకోండి. వాళ్లు పోతే చెప్పేటోళ్లు ఉండరు.