ఈల ఊదవలసిన క్షణము

బాస్కెట్ బాలు చూచువారికి అప్పుడప్పుడొక సందేహము కలుగుచుండును. పరుగెత్తుచున్న ఆటగాని బూటు ఊడి పడిపోవును. అతడు మేజోడుతోనే తడబడుచు పరుగు సాగించును. ప్రేక్షకులు కేకలు వేయుదురు. రిఫరీ మాత్రము చూచియు చూడనట్లుండును. మరియొకప్పుడు గడియారము క్షణకాలము తప్పినంతనే ఆ రిఫరీయే ఈల ఊది ఆట నిలిపివేయును. ఇందలి న్యాయమేమి? దీనికి సమాధానము నిబంధనల పుస్తకములో కంటె ఆ ఆట చరిత్రలోనే స్పష్టముగ దొరకునని మా అభిప్రాయము.

1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమందు నాలుగు గోడల నడుమ ఆడదగిన ఆటను కల్పించెను. వ్యాయామశాల పై వసారా అంచునకు, 10 అడుగుల యెత్తున, పీచ్ పండ్ల బుట్టలు రెండు కొట్టించెను. జట్టునకు 9 మంది, బంతి ఫుట్‌బాలు. మొదటి ఆటలో పడినది ఒక్కటే గోలు. బుట్టకు అడుగుండుటచే పడిన బంతి లోపలనే యుండిపోయెడిది. ఎవరో ఒకరు పైకెక్కి తీయవలసి వచ్చెడిది. సామగ్రి మూలమున ఆట ఆగుట ఈ క్రీడకు పుట్టుకతోనే వచ్చినదన్నమాట.

1892 జనవరిలో అచ్చయిన 13 నిబంధనలలో ఇద్దరు అధికారులు కనిపింతురు: మనుష్యులను కనిపెట్టుటకు అంపైరు, బంతిని కాలమును కనిపెట్టుటకు రిఫరీ. సామగ్రిని గూర్చి యున్నది స్వల్పమే కాని అందొక చక్కని ముచ్చట కలదు. బంతి బుట్ట అంచున నిలిచియుండగా ఎదిరిపక్షమువాడు బుట్టను కదిపినచో దానిని గోలుగా లెక్కింపవలెనట! బుట్ట కదలినది కనుక ఆట నిలుపుడని నైస్మిత్ వ్రాయలేదు. కదిపినవానికి లాభము దక్కరాదని వ్రాసెను. తరువాత వచ్చిన నిబంధనలకెల్ల బీజమిక్కడనే యున్నదని మేము తలంతుము.

రెండేండ్లకే ఇనుప కమ్మీలు, వలసంచులు వచ్చినవి. గొలుసు లాగిన బంతి క్రిందపడెడిది. పై వసారాలోని ప్రేక్షకులు చేతులు చాచి బంతిని తోయుచుండిరని వెనుక పలకలు అమర్చిరి. పిమ్మట వల అడుగు తెరచిరి. గోలు పడినప్పుడెల్ల మధ్య గీతకు వచ్చి బంతిని ఎగురవేయు ఆచారము కూడ 1937లో పోయినది. ఆట ఆగవలసిన కారణములొక్కటొక్కటిగ తొలగిన కొలది వేగము హెచ్చినది. వేగముతోపాటు ఈల బరువును హెచ్చినది. నెమ్మదిగ సాగు ఆటను నిలిపిన ఎవరికిని నష్టము లేదు. ఒంటరిగ బుట్టవైపు దూసుకొనిపోవువాని వెనుక, ఎవరిదో బూటు ఊడినదని ఈల ఊదినచో, రెండు పాయింట్లు రిఫరీయే అపహరించినట్లగును. (స్ప్రింగ్‌ఫీల్డులోనే చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను నెలకొల్పెను. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివే.)

నిలుపవలసినప్పుడు నిలుపని ఘట్టములును లేకపోలేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో ఈ ఆటను ఆరుబయట, మట్టి టెన్నిసు కోర్టులపై ఆడించిరి. అంతిమ పోటీనాడు వాన కురిసి నేల బురదయైనది. బంతి నేలకు కొట్టిన పైకి లేవదు. అయినను ఆట సాగినది. అమెరికా 19, కెనడా 8. ఆ స్కోరే నాటి ఆట యెట్లుండెనో చెప్పుచున్నది.

పలకలు పగిలిన కథలలో సందేహమునకు తావులేదు. 1946 నవంబరు 5న బోస్టనులో ఆటకు ముందు అభ్యాసము చేయుచు చక్ కానర్స్ గాజు పలకను పగులగొట్టగా, వేరొకటి తెచ్చువరకు సుమారు గంటసేపు వేచియుండిరి. 1979లో డారిల్ డాకిన్స్ నెల తిరుగకుండ రెండు పలకలు బద్దలు చేసెను. ఇల్లినాయిలో ధాన్యపు గిడ్డంగిలో పనిచేయుచుండిన ఆర్థర్ ఎరాట్ వ్యవసాయ యంత్రపు స్ప్రింగును వాడి, బరువు పడిన వంగి మరల లేచు కమ్మీని అదివరకే రూపొందించియుండెను. 1982లో దానికి పేటెంటు లభించినది.

చిక్కంతయు చిన్న లోపములతోనే. అంతర్జాతీయ నిబంధనల ప్రకారము, ఆటగాడు గాయపడినను, బంతి చేతనున్న జట్టు దానిని వేయువరకో కోల్పోవువరకో రిఫరీ ఈల ఊదరాదు. గాయపడినవానిని కాపాడవలసి వచ్చిననే వెంటనే ఊదవచ్చును. గాయమునకే ఇంత ఓర్పు విధించినప్పుడు విడిపోయిన బూటు లేసునకు ఎంత? 24 సెకండ్ల గడియారము పొరపాటున మ్రోగినచో దానిని లెక్కచేయక ఆట సాగనిత్తురు. బంతి పట్టిన జట్టునకు నష్టము కలిగినదని తోచిననే నిలిపి సరిచేయుదురు. బుట్టను కదిపినవాని కథయే మరల!

ఇక 1972 మ్యూనిక్ అంతిమ పోటీ. మూడు సెకండ్లు మిగిలియుండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాను 50–49తో ముందునకు తెచ్చెను. రెండవది వేయుచుండగనే భోంకా మ్రోగినది. విరామము కోరితిమని సోవియట్ శిక్షకులు బల్లవద్ద గోలచేయగా, సెకను మిగిలియుండగా ఆట నిలిపిరి. మూడు సెకండ్లును మరల ఇండని అంతర్జాతీయ సమాఖ్య కార్యదర్శి విలియం జోన్స్ పట్టుపట్టెను. గడియారమునింకను సరిచేయుచుండగనే బంతిని చేతికిచ్చిరి; క్షణములో మరల భోంకా; గెలిచితిమని అమెరికనులు గంతులు వేసిరి. మూడవమారు ఆడించిరి. ఇవాన్ ఎదెష్కో కోర్టు పొడవునా విసరిన బంతిని అలెగ్జాండర్ బెలోవ్ అందుకొని బుట్టలో వేసెను: 51–50. 1936 నుండి 63 ఒలింపిక్ ఆటలలో ఓటమి నెరుగని జట్టు ఓడినది.

ఇందు నిలుపుటయే తప్పని పలువురందురు. మాకట్లు తోచదు. గడియారము సిద్ధము కాకుండ ఆటను మరల ఆరంభించుటయే అసలు తప్పు. ఆపుటకు ఒక్క ఈల చాలును; ఆరంభించుటకు ముందు బల్లవైపు ఒక్కసారి చూడవలెను. అమెరికా చేసికొన్న అప్పీలు 3–2 వోట్లతో వీగిపోయినది. ఆటగాండ్రు వెండి పతకములను స్వీకరింపలేదు. రిఫరీలలో ఒకడైన బ్రెజిలు దేశీయుడు రెనాటో రిగెట్టో స్కోరు పత్రముపై సంతకము చేయుటకు నిరాకరించెను.