బోధిధర్మ పేరు, తావో వ్యాయామాలు: కొన్ని ఆధారాల పరిశీలన

బోధిధర్మ పేరు తెలుగువారిలో చాలామందికి 2011లో వచ్చిన ‘సెవెన్త్ సెన్స్’ చిత్రం ద్వారా తెలిసింది. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లిన ఈ బౌద్ధ భిక్షువే అక్కడివారికి ఆరోగ్య, ఆయుర్వృద్ధి సాధనలు నేర్పాడనీ, ‘యీ జిన్ జింగ్’ అనే వ్యాయామ గ్రంథం ఆయనదేననీ ఒక ప్రచారం ఉన్నది. దానికి గల ఆధారాలను కాలక్రమంలో పరిశీలించడమే ఈ వ్యాస పరిధి. ఆ సాధనల వల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న.

1. సాధనల ప్రాచీనత: దేహాన్ని సాగదీస్తూ ఊపిరిని నడిపే పద్ధతిని చైనాలో ‘దావోయిన్’ అంటారు. ఎలుగులా, పక్షిలా కదులుతూ దీర్ఘాయువు కోరేవారి ప్రస్తావన ప్రాచీన తావో గ్రంథం ‘జువాంగ్‌జీ’ 15వ అధ్యాయంలో ఉన్నది. అయితే అది మెచ్చుకోలు కాదు. పైగా ఆ అధ్యాయం తర్వాతివారి చేర్పు కావచ్చునని పండితుల అభిప్రాయం కనుక, కాలనిర్ణయానికి దాన్నొక్కదాన్నే నమ్ముకోలేము.

ఇంతకంటె గట్టి ఆధారం హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయ్‌లో దొరికింది. క్రీ.పూ. 168లో మూసిన 3వ సమాధిని 1973లో తవ్వినప్పుడు ఒక పట్టుచిత్రం ముక్కలుగా బయటపడింది. ముక్కలు అతికించి చూస్తే వరుసకు 11 చొప్పున నాలుగు వరుసల్లో 44 బొమ్మలు తేలాయి. వాటిలో ఆడవారూ మగవారూ ఉన్నారు. ఒక బొమ్మ పొడవాటి కర్ర పట్టుకొని వంగి ఉన్నది. చాలా బొమ్మల పక్కన భంగిమ పేరో, అది తగ్గించే జబ్బు పేరో రాసి ఉన్నది. హూబే రాష్ట్రంలోని జాంగ్‌జియాషాన్‌లో, దాదాపు అదే కాలపు సమాధిలో, ఇవే సాధనలను వివరించే వెదురుపట్టీలు లభించాయి. మొదటిచోట బొమ్మలున్నాయి, వివరణ లేదు. రెండవచోట వివరణ ఉన్నది, బొమ్మలు లేవు. అందుచేత ఏ వివరణ ఏ బొమ్మకు చెందుతుందో ప్రతిచోటా తేల్చి చెప్పలేము. కానీ రెండూ బోధిధర్మకు ఆరు శతాబ్దాలకు పైగా ముందటివన్న సంగతిలో సందేహం లేదు.

2. బోధిధర్మ గురించిన తొలి రాతలు: ఇవి ఒకదానితో ఒకటి పొసగవు.

(అ) 547 నాటి యాంగ్ షువాన్‌జీ లోయాంగ్ ఆలయాల వర్ణనలో ఆయన పారశీకం నుంచి వచ్చినవాడు. తన వయసు 150 ఏళ్లని ఆయనే చెప్పుకున్నట్లు అందులో ఉన్నది.

(ఆ) శిష్యుడిగా భావించే తాన్‌లిన్ రాసిన ముందుమాటలో ఆయన దక్షిణ భారతంలో ఒక గొప్ప రాజుకు మూడవ కొడుకు.

(ఇ) 7వ శతాబ్దపు దావోషువాన్ రచనలో దక్షిణ భారత బ్రాహ్మణుడు.

ఈ మూడింటిలోనూ కంచి పేరు లేదు. వ్యాయామం ఊసూ లేదు. 1004 నాటి ఒక గ్రంథంలో కనిపించే ‘షియాంగ్‌జీ’ రాజ్యమే కంచి అని కొందరి ఊహ. అది అసాధ్యం కాదు గానీ, నిరూపితమూ కాదు.

3. ‘యీ జిన్ జింగ్’ సాక్ష్యం: ఈ గ్రంథపు మలిపలుకు 1624 నాటిది, రాసినది తియాన్‌తాయ్ పర్వతానికి చెందిన ఒక తావో సాధకుడు. రెండు ముందుమాటలు మాత్రం 628లో లీ జింగ్, 1142లో నియు గావో అనే సేనానులు రాసినట్లు ఉన్నాయి. మొదటి ముందుమాట ప్రకారం లీ జింగ్‌కు ఈ పుస్తకం ‘చియురాన్ కే’, అంటే ఉంగరాల గడ్డపు వీరుడి, చేతిమీదుగా అందింది. ఆ వీరుడు తాంగ్ కాలపు కథలోని కల్పిత పాత్ర. కథలోని మనిషి నుంచి పుస్తకం చేతికందింది అనే ముందుమాటను 7వ శతాబ్దపు పత్రంగా అంగీకరించడం కష్టం. చింగ్ కాలపు పండితుడు లింగ్ తింగ్‌కాన్ (1757–1809) కూడా దీన్ని కూటరచనగానే తేల్చాడు.

4. ఎదురు సాక్ష్యం: భారతదేశ ప్రభావాన్ని పూర్తిగా తోసిపుచ్చడం కూడా తొందరపాటే. 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో గ్రంథంలో భారతదేశపు బ్రాహ్మణ పద్ధతి అనే పేరుతో 18 కదలికలు ఉన్నాయి. చేతులు కడుక్కున్నట్టు రెండు చేతులూ మెలిపెట్టడం వాటిలో ఒకటి. అయిదు ‘షీ’ల బలమున్న విల్లు లాగినట్టు చేయడం మరొకటి. ‘షీ’ చైనా కొలత. అనువదించినవారు స్థానిక కొలత వాడి ఉండవచ్చు, లేదా స్థానిక సాధనకే విదేశీ పేరు పెట్టి ఉండవచ్చు. ఏది నిజమో ఈ ఒక్క మాటతో తేలదు. అయినా ఆనాటికే భారతదేశం పేరుకు అక్కడి వైద్యంలో గౌరవం ఉండేదని మాత్రం అనుకోవచ్చు.

పై ఆధారాలను బట్టి రెండు మాటలు చెప్పవచ్చు. బోధిధర్మ వ్యాయామాలేవీ నేర్పలేదని నిరూపించడం సాధ్యం కాదు. నేర్పాడనే ‘యీ జిన్ జింగ్’ కథనం మాత్రం, నమ్మదగిన తేదీ వరకే తీసుకుంటే, ఆయన తర్వాత దాదాపు 1,100 ఏళ్లకు పుట్టినది. భారత, చైనా దేహసాధనల మధ్య ఇచ్చిపుచ్చుకోళ్లను వెతకదలచినవారు ఆ ముందుమాటలను పక్కనబెట్టి, సున్ సిమియావో 18 కదలికల నుంచి మొదలుపెట్టడం మేలు.