మంచు నేల మీద పూలపొద: లైలాక్, గులాబీల ఉత్తరాది చరిత్ర

శీతల దేశాల ఉద్యానాలకు పూలపొదను ఎంచుకోవడం పైకి రంగు, పరిమళం, ఎత్తులకు సంబంధించిన ఇష్టాయిష్టాల వ్యవహారంగా కనిపించినా, కెనడా వంటి దేశాల తోటల చరిత్రను పరిశీలిస్తే ఆ ఎంపికలో తొలి మాట పువ్వుది కాదనీ, శీతాకాలానిదే అనీ తెలుస్తుంది. పొద అంటే నేల దగ్గరే పలు కాండాలుగా చీలి, చేవదేరిన కొమ్మలతో ఏళ్ల తరబడి నిలిచే మొక్క. దుంపజాతి మొక్కలు చలికాలంలో నేల పైభాగాన్ని పూర్తిగా వదులుకుని మట్టి కింద తలదాచుకుంటాయి. పొదకు ఆ వెసులుబాటు లేదు. లైలాక్ వంటి పొద వసంతంలో విప్పవలసిన మొగ్గను ముందటి వేసవిలోనే కట్టుకుని, మధ్యలో వచ్చే ఐదారు నెలల మంచునూ గాలినీ ఆ మొగ్గతోనే ఎదుర్కోవలసి ఉంటుంది. కొమ్మ బతికి మొగ్గ మాడిపోతే ఆ ఏడు ఆకులే తప్ప పూలు ఉండవు. కనుక చలికి ఓర్చుకోవడమంటే ప్రాణం నిలుపుకోవడమే కాదు, పూతను కూడా నిలుపుకోవడం. ఈ తేడాను గుర్తించడానికి తోటమాలులకు చాలా కాలమే పట్టింది.

లైలాక్ పుట్టిల్లు బాల్కన్ ప్రాంతపు రాతి కొండలు. ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ కొలువులో హాబ్స్‌బర్గ్ పాలకుడు ఫెర్డినాండ్ తరఫున 1554 నుంచి 1562 వరకు రాయబారిగా ఉన్న బుస్బెక్ ద్వారా అది కాన్‌స్టాంటినోపుల్ తోటల నుంచి వియన్నాకు చేరిందని ఉద్యాన చరిత్రకారులు చెబుతారు. ఆ తరువాత మూడు శతాబ్దాలు అది ఐరోపా పెరళ్లలో, వలసదారుల వెంట అట్లాంటిక్ దాటి ఉత్తర అమెరికా పెరళ్లలో, పెద్ద మార్పేమీ లేకుండానే పెరిగింది.

మార్పు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణంలో మొదలైంది. ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధం వల్ల ఆ పట్టణం శత్రుసేనల ఆక్రమణలో ఉన్న రోజుల్లో విక్టర్ లెమ్వాన్ అనే నర్సరీ యజమాని లైలాక్ సంకరణకు, అంటే ఒక రకం పుప్పొడిని మరో రకం కీలాగ్రానికి చేర్చి కొత్త సంతానం పొందే పనికి, పూనుకున్నాడు. ఆయన తల్లిగా ఎంచుకున్న ముద్దపూల రకంలో ఒక్కో పువ్వు చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, కేసరాలు ఉండవు, మెలితిరిగిన రేకుల మడతల్లో కీలాగ్రాన్ని వెతికి పట్టుకోవాలి. ఆయనకు చూపు మందగించడంతో భార్య మారీ లూయిజ్ నిచ్చెన ఎక్కి, ఒక్కొక్క పువ్వుకూ పుప్పొడి అద్దింది. తొలి ఏడాది చేతికి దక్కిన గింజలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. నేడు ప్రపంచమంతటా ఫ్రెంచి లైలాక్‌లుగా పేరుపడిన రకాలు ఆ కుటుంబం కొన్ని తరాలపాటు సాగించిన ఈ పని నుంచి వచ్చినవే. వాటిని విక్టర్ లెమ్వాన్ పేరుతోనే చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ నిచ్చెన మీది శ్రమను కూడా ఆ పేరు పక్కన తలచుకోవడం న్యాయం.

అయితే నాన్సీలో ఎంపికకు గీటురాయి పువ్వు అందమే. అక్కడి చలి ఒక మోస్తరుది. అట్లాంటిక్ కు ఆవల, కెనడా ప్రెయిరీ మైదానాలలో, అంటే చెట్టు నీడ అరుదుగా కనిపించే విశాలమైన గడ్డి భూములలో, ఉష్ణోగ్రత మైనస్ 35 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం కొత్త కాదు. అక్కడ స్థిరపడుతున్న రైతులకు ఏ పంట, ఏ పండు, ఏ పొద నిలుస్తుందో చెప్పడానికి కెనడా ప్రభుత్వం 1886లో ప్రయోగ క్షేత్రాల చట్టం చేసి, విలియం సాండర్స్‌ను తొలి సంచాలకుడిగా నియమించి, ఆటవాలో కేంద్ర క్షేత్రాన్నీ, బ్రాండన్, ఇండియన్ హెడ్ వంటి చోట్ల శాఖలనూ నెలకొల్పింది. గోధుమ కోసం పుట్టిన ఆ వ్యవస్థ పూలకు కూడా చోటివ్వడం దూరదృష్టి గల నిర్ణయం. చుట్టూ కనుచూపు మేర తెల్లటి మంచు తప్ప మరేదీ లేని ఇంటి ముందు ఒక్క పూలపొద నిలిచినా, ఆ కుటుంబం ఆ నేలను తనదిగా భావించడానికి అది తోడ్పడుతుంది.

ఇంగ్లండులో 1881లో పుట్టి 1912లో కెనడాకు వచ్చిన ఇసబెల్లా ప్రెస్టన్ 1920లో ఆటవా క్షేత్రంలో చేరింది. సాధారణ లైలాక్ కొమ్మ చలికి బాగానే ఓర్చుకుంటుంది గాని, తొందరపడి మొగ్గ విప్పి వసంతపు ఆఖరి మంచుకు చిక్కుతుంది. ప్రెస్టన్ ఆ జాతిని వదిలి, చైనా నుంచి వచ్చిన రెండు వేరే లైలాక్ జాతులను సంకరించింది. ఆ సంతానం సాధారణ లైలాక్ కంటే దాదాపు రెండు వారాలు ఆలస్యంగా పూసింది. దానివల్ల ఆఖరి మంచు గండం తప్పింది. వేరు పిలకలతో తోటంతా ఆక్రమించే లక్షణమూ వాటిలో లేదు. ఆడ్రీ, ఊర్సులా, డెస్డెమోనా అంటూ షేక్స్‌పియర్ నాటకాల స్త్రీపాత్రల పేర్లు పెట్టుకున్న ఈ పొదలను వృక్షశాస్త్రం ఆమె పేరుతోనే ప్రెస్టన్ లైలాక్‌లుగా నమోదు చేసింది. చలితో తలపడటానికి బదులు దానికి దారి ఇచ్చి తప్పుకోవడం కూడా ఓర్పేనని ఈ పొదలు నిరూపించాయి.

మానిటోబాలోని డ్రాప్‌మోర్ గ్రామంలో, ప్రభుత్వ జీతం గాని విశ్వవిద్యాలయ పట్టా గాని లేకుండా, ఫ్రాంక్ స్కిన్నర్ అనే రైతు మరో పాఠం నేర్పాడు. లెమ్వాన్ ఒకప్పుడు సాధారణ లైలాక్‌ను చైనా తోటలలోని ఒక ముందస్తు రకంతో కలిపినప్పుడు పుట్టిన పొదల మొగ్గలు చలి ప్రాంతాలలో తరచు దెబ్బతినేవి. ఆ చైనా రకపు జాతికే చెందిన, కొరియా కొండలలో పెరిగే ఉపరకాన్ని మొక్కల సేకర్త ఈ. హెచ్. విల్సన్ 1917లో సేకరించగా, దానిని స్కిన్నర్ తన సంకరణలో వాడుకున్నాడు. పుట్టిన పొదలు ముందుగానే పూసినా మొగ్గలు ప్రెయిరీ చలికి నిలిచాయి. జాతి పేరు ఒక్కటే అయినా గింజ ఏ కొండ నుంచి వచ్చిందన్నది ఫలితాన్ని మార్చివేసింది. మూలస్థానం అని శాస్త్రవేత్తలు పిలిచే ఈ అంశాన్ని పక్కన పెట్టి కేవలం జాతి పేరు చూసి మొక్క కొనేవారు నేటికీ నష్టపోతూనే ఉన్నారు.

గులాబీ కథ ఇంకా కష్టమైనది. అంగడిలో మెరిసే గులాబీలలో ఎక్కువ భాగం వెచ్చని వాతావరణపు పూర్వీకుల రక్తం కలిగినవి. ఆటవాలో అలాంటి మొక్కను ఏటా మట్టి కప్పి, గడ్డి పరచి కాపాడుకోవలసిందే. 1961లో అక్కడ గులాబీ సంకరణ చేపట్టిన ఫెలిసిటాస్ స్వెయిడా ఈ సేవలన్నింటినీ మానివేసి, మొలకలను బహిరంగ క్షేత్రంలో శీతాకాలానికి వదిలివేసింది. వసంతంలో వచ్చి కొమ్మను కత్తిరించి చూస్తే, కోసిన చోట లోపలి బెండు తెల్లగా, బెరడు కింద పచ్చగా ఉంటే అది బతికినట్టు. గోధుమరంగుకు తిరిగి ఉంటే అక్కడివరకు చచ్చినట్టు. ఇలా ఎన్నో మొలకలను పోగొట్టుకుని కొన్నింటినే నిలుపుకోవడం కఠినంగా తోచవచ్చు గాని, ఇంటి తోటలో ఎవరో పెంచుకోబోయే మొక్క పట్ల ఇంతకంటే నిజాయితీ గల మార్గం లేదు. ఆమె తొలి ఆధారం తూర్పు ఆసియా సముద్ర తీరపు ఇసుకలో పెరిగే రుగోసా గులాబీ. రెండో ఆధారం జర్మనీలో విల్హెల్మ్ కోర్డెస్ చేతికి అనుకోకుండా చిక్కింది: గింజ కట్టని గొడ్డు సంకరమైన మాక్స్ గ్రాఫ్ గులాబీ నుంచి అరుదుగా దొరికిన గింజలలో, క్రోమోజోముల సంఖ్య దానంతట అదే రెట్టింపై, మళ్లీ గింజ కట్టగలిగిన మొలక ఒకటి పుట్టింది. ఈ రెండు వంశాల నుంచి 1968లో మార్టిన్ ఫ్రోబిషర్, 1978లో జాన్ కాబట్, 1983లో విలియం బఫిన్ వంటి రకాలు వచ్చాయి. ఉత్తర సముద్రాలనూ, కెనడా భూములనూ గాలించిన అన్వేషకుల పేర్లు పెట్టడం వల్ల వీటికి ఎక్స్‌ప్లోరర్ గులాబీలన్న పేరు స్థిరపడింది.

ఈ గులాబీలను కొమ్మ నాటి సొంత వేళ్ల మీదనే పెంచవచ్చు. అంటుకట్టిన మొక్కలో పైభాగం చలికి చస్తే కింది అడవి గులాబీ వేరు చిగురించి వేరే పువ్వు పూస్తుంది. సొంత వేళ్ల మొక్క నేల మట్టానికి మాడినా మళ్లీ అదే పువ్వుతో లేస్తుంది. టొరంటోలోనో కాల్గరీలోనో ఇల్లు కట్టుకున్న తెలుగు కుటుంబం నర్సరీలో అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, మొక్క అంటుదా, సొంత వేరుదా అన్నది.

పొద చలిని ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్నకు మినెసోటా విశ్వవిద్యాలయంలో సి. జె. వైజర్ బృందం స్పష్టమైన సమాధానం ఇచ్చింది. సైన్స్ పత్రికలో 1970లో వచ్చిన ఆయన వ్యాసం ప్రకారం, పగటివేళలు కురచవడంతో మొక్క ముందుగా పెరుగుదల ఆపుతుంది, తరువాత తొలి మంచు తగిలినప్పుడు రెండో దశలో గట్టిపడుతుంది. ఈ రెండు దశలూ పూర్తయిన ఎర్రకొమ్మల డాగ్‌వుడ్ పొద కొమ్మలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచినా బతికాయి. అదే పొద వేసవిలో స్వల్పమైన గడ్డకట్టుకే చస్తుంది. కణాల మధ్య సందుల్లో మంచు గట్టిపడుతూ కణంలోని నీటిని మెల్లగా బయటికి లాగితే కణం ఎండిపోయినా నిలుస్తుంది, కణంలోపలే మంచు పుడితే పగిలిపోతుంది. అందుకే వేసవి చివర నత్రజని ఎరువు వేయడం మంచి చేయబోయి చెడు చేసినట్టవుతుంది: మొక్క చిగురు వేస్తూ తొలి దశకు సకాలంలో చేరుకోదు.

ఏ ప్రాంతంలో చలి ఎంతో చూపే పటాలు కూడా ఈ లోపున వచ్చాయి. ఆల్ఫ్రెడ్ రెడర్ 1927లో ఉత్తర అమెరికాను చలి మండలాలుగా విభజించాడు. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత ఆధారంగా తన పటాన్ని ప్రచురించి, 1990, 2012, 2023లలో సవరించింది. కెనడా 1967 పటం మాత్రం ఒక్క అంకెతో తృప్తి పడలేదు: కనిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు మంచు లేని రోజుల సంఖ్య, వేసవి వర్షం, జనవరి వాన, మంచు పొర మందం, గాలి వేగం వంటి ఏడు అంశాలను లెక్కలోకి తీసుకుంది. జనవరిలో వాన ఎందుకంటే, నడిచలిలో వచ్చే వెచ్చదనం, తడి మొక్కను మేల్కొలిపి, మరుసటి వారపు చలికి అప్పగిస్తాయి. మొక్కకు దగ్గరగా ఆలోచించినది ఈ పటమే.

లైలాక్ వికసనానికి శీతాకాలపు చలి అవసరం కూడా. హైదరాబాదులో అది పూయకపోవడానికి కారణం వేసవి వేడి ఒక్కటే కాదు, విశ్రాంతినిచ్చే చలి లేకపోవడం. చలి తరువాత వసంతపు వెచ్చదనాన్ని బట్టి లైలాక్ విప్పారుతుంది కనుక, దానిని ఆధారం చేసుకుని మోంటానాలో జోసెఫ్ కాప్రియో 1950ల చివర లైలాక్ పరిశీలకుల బృందాన్ని ఏర్పాటు చేశాడు. తరువాత తూర్పు రాష్ట్రాలలో ఒకే లైలాక్ రకం నుంచి కొమ్మలతో పెంచిన అచ్చంగా ఒక్కటే అయిన మొక్కలను పలు ఊళ్లలో నాటి, తొలి ఆకు ఏ రోజున విప్పిందో, తొలి పువ్వు ఏ రోజున విరిసిందో ఇళ్లవారి చేత రాయించారు. ఒట్టోమన్ తోటల నుంచి బయలుదేరిన ఆ పొద ఇప్పుడు పెరటి వాకిట నిలబడి వసంతం ఎన్ని రోజులు ముందుకు జరిగిందో చెబుతోంది.