హాలీ రూపాయి, కల్దారు రూపాయి, డాలర్

మొన్న శాంతి నగర్‌లో నలుగురం కూర్చున్నప్పుడు నూలు ధర మాట వచ్చింది. ఒక పిల్లవాడు అడిగాడు: "కాకా, డాలర్ పెరిగితే మన సాంచా ఎందుకు ఆగాలె?" పాలిస్టర్ నూలు ముడిచమురు నుంచి వస్తుంది, చమురుకు డాలర్లు కట్టాలి అని చెప్పి ఊరుకున్నాం. కానీ అది సగం జవాబే. డాలర్ మన మీద ఎప్పుడు, ఎట్లా ఎక్కి కూర్చుంది అన్నది పాత కథ. అది రాద్దామనిపించింది. పొడుగు ఎక్కువ, ఛాయ్ పక్కన పెట్టుకుని చదవండి.

మొదలు మన ఇంటి నుంచే పెడదాం. మన పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్గొండ దిక్కు నుంచి షోలాపూర్, బొంబాయి దారి పట్టిన కాలంలో ఊళ్ళో నడిచింది వేరే రూపాయి. నిజాం సర్కారు ఉస్మానియా సిక్కా. జనం నోట అది హాలీ. ఇంగ్లీషు వాళ్ళ రూపాయి కల్దారు. 6 కల్దార్లకు 7 హాలీలు, అదీ లెక్క. షోలాపూర్‌లో ఆరు రూపాయలు మిగిల్చినవాడు ఊరికొస్తే ఏడు అయ్యేవి. లాభమేమీ కాదు, ఊళ్ళో సరుకు ధర కూడా హాలీలోనే కదా. పైగా మార్చి ఇచ్చే సావుకారు వట్టం పట్టుకునేవాడు. విదేశీ మారకం అనే పెద్ద మాట మనవాళ్ళు పుస్తకంలో చదవలేదు, నడుముకు కట్టుకున్న సంచిలో చూశారు.

ఆ 6కు 7 కదలకుండా ఉండాలంటే నిజాం ఖజానా దగ్గర కల్దారు నిల్వ ఉండాలి. అడిగినవాడికి ఇవ్వగలిగితేనే రేటు నిలుస్తుంది. 1941 చట్టంతో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పనుల్లో ఈ హాలీ వ్యవహారం ఒకటి. తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయ్యింది ఇదే.

ఇదే సూత్రాన్ని ప్రపంచానికంతా పరిచిన సభ 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో జరిగింది. 44 దేశాలు వచ్చాయి. ప్రతి దేశం తన నాణేనికి డాలర్‌లో ఒక రేటు కట్టుకోవాలి. డాలర్‌కు బంగారం హామీ, ఔన్సు 35 డాలర్లు. నిల్వ తగ్గిన దేశానికి అప్పిచ్చి నిలబెట్టడానికి ఒక నిధి, అదే ఐఎంఎఫ్. పాడైన దేశాలను కట్టడానికి ఒక బ్యాంకు, అదే ప్రపంచ బ్యాంకు. యుద్ధానికి ముందు దేశాలు పోటీపడి నాణెం దించుకుని, ఒకరి సరుకును ఒకరు అడ్డుకుని అందరూ మునిగారు. మళ్ళీ అట్లా కావద్దన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే, కాదనం.

మన దేశం ఇంకా ఇంగ్లీషు వాళ్ళ కిందే ఉంది. అయినా మనవాళ్ళు వెళ్ళారు. నాయకుడు ఆర్థిక సభ్యుడు జెరెమీ రెయిస్‌మన్. వెంట రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు సి.డి. దేశ్‌ముఖ్, బొంబాయి వ్యాపారి ఎ.డి. ష్రాఫ్, కోయంబత్తూరు ఆర్.కె. షణ్ముఖం చెట్టి. తమిళ బడిలో చదువుకున్న మాకు చెట్టిగారి పేరు తమిళ సంగీతం కోసం నిలబడ్డ పెద్దమనిషిగానే తెలుసు. ఆయన డాలర్ల సభలో కూర్చున్నారని తెలిసింది చాలా ఏళ్ళకు.

వాళ్ళు అక్కడ పట్టుబట్టిన విషయం మన నేతవాళ్ళ విషయమే. యుద్ధంలో ఇంగ్లండు మన దేశంలో బట్ట, ధాన్యం, ఇనుము, అన్నీ కొన్నది. డబ్బు చేతికివ్వలేదు. లండన్‌లో మన పేర పౌన్లు రాసిపెట్టింది. వాటిని చూపించి ఇక్కడ రిజర్వు బ్యాంకు రూపాయి నోట్లు అచ్చువేసి సరుకు అమ్మినవాళ్ళకు ఇచ్చింది. సరుకు పోయింది, నోట్లు పెరిగాయి, ధరలు మండాయి. నూలు దొరకలేదు, మగ్గాలు ఆగాయి. 1943లో బట్టకూ నూలుకూ కంట్రోలు పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడే బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో పోయారు. ఇట్లా కడుపు మాడ్చుకుని పోగేసిన బాకీ యుద్ధం ముగిసేసరికి సుమారు 130 కోట్ల పౌన్లు, అంటే 1,700 కోట్ల రూపాయల పైన. స్టెర్లింగ్ నిల్వలంటే ఇవే.

ఈ బాకీలో కొంతైనా కొత్త నిధి ద్వారా డాలర్లుగా మార్చుకునే దారి పెట్టమని మనవాళ్ళు అడిగారు. బ్యాంకులో పది లక్షల డాలర్లున్నా టాక్సీకి చిల్లర లేని మనిషిలా చేస్తున్నారు మమ్మల్ని అనే అర్థంలో ష్రాఫ్ వాదించారు. ఇంగ్లండు తరఫున వచ్చిన కీన్స్ మహాశయుడు, బాకీ మాట మర్యాదగా మేమూ మీరూ తేల్చుకుందాం అన్నాడు. అమెరికా కూడా కాదన్నది. అప్పు పడ్డవాడే తీర్పరి అయితే ఎట్లా ఉంటుందో సావుకారు కింద పనిచేసినవాళ్ళకు చెప్పక్కరలేదు. నిధిలో మనకు 40 కోట్ల డాలర్ల వాటా ఇచ్చారు, చైనాకు 55 కోట్లు. రష్యా చేరకపోవడంతో మనం అయిదో స్థానంలోకి వచ్చాం. గౌరవం దక్కింది, డాలర్లు దక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఒప్పందంలో ఆ బాకీలోంచే ఇంగ్లీషు సైన్యం వదిలిపోయిన సామానుకు 10 కోట్ల పౌన్లు, ఇంగ్లీషు ఉద్యోగుల పెన్షన్లకు మరో 16 కోట్ల పైన తగ్గించుకున్నాం. పెన్షన్ తీసుకుంటున్న మేమే ఈ లెక్క చూసి కాసేపు కలం కింద పెట్టాం.

ఇక 1949. ఇది మా రైల్వే ముచ్చట, మన్నించాలి. ప్రపంచ బ్యాంకు మన దేశానికి ఇచ్చిన మొట్టమొదటి అప్పు రైల్వేకే. ఆగస్టులో 3 కోట్ల 40 లక్షల డాలర్లు, ఇంజన్ల కోసం. నెల తిరగలేదు, సెప్టెంబరు 18న ఇంగ్లండు తన పౌనును 4.03 డాలర్ల నుంచి 2.80కి దించింది. రూపాయి పౌను కొంగుకు కట్టి ఉంది కదా, మనమూ దిగాం. డాలర్ 3 రూపాయల 30 పైసల నుంచి 4 రూపాయల 76 పైసలైంది. సుమారు 11 కోట్ల రూపాయలనుకున్న అప్పు 16 కోట్లు దాటింది, ఒక్క ఇంజనూ అదనంగా రాకుండానే. అప్పటి ఆర్థిక మంత్రి జాన్ మథాయ్ అంతకు ముందు రైల్వే మంత్రి, ఈ నొప్పి ఆయనకు బాగా తెలిసే ఉంటుంది.

మన పనికి తగిలిన దెబ్బ వేరే. పాకిస్తాన్ తన రూపాయి దించలేదు. వాళ్ళ 100కు మనవి 144 అన్నారు. మనం ఒప్పుకోలేదు, వ్యాపారం ఆగింది. మంచి పత్తి పండే సింధు, పశ్చిమ పంజాబు అటు ఉన్నాయి, మిల్లులు ఇటు. ఆ తగాదా 1951 దాకా సాగింది. రెండేళ్ళ కింద ఒకే నాణెం వాడిన వాళ్ళ మధ్య!

1950ల నడిమికి హాలీ కూడా చరిత్రలో కలిసింది. పంచవర్ష ప్రణాళికల యంత్రాలకు లండన్ నిల్వలు కరిగిపోయాయి. 1957లో ఐఎంఎఫ్ ముందు నిలబడ్డాం. డాలర్ కరువైతే లైసెన్సు రాజ్యం వస్తుంది. భివండిలో, సూరత్‌లో నకిలీ పట్టు నేసేవాళ్ళకు విదేశీ నూలు దొరకడం గగనం. బట్ట ఎగుమతి చేసినవాడికి నూలు తెచ్చుకునే హక్కు ఇచ్చే పథకం పెట్టారు. ఆ హక్కు పత్రాలు బజారులో చేతులు మారాయి, బట్టకంటే కాగితానికి గిరాకీ ఎక్కువైంది. నేసినవాడి కూలి మాత్రం కాగితంతో పాటు పెరగలేదు.

1966 జూన్ 6న డాలర్ ఒక్కసారిగా 4.76 నుంచి 7.50 అయ్యింది. కరువు, పాకిస్తాన్‌తో యుద్ధం, ఓడల్లో అమెరికా గోధుమలు. సాయం కావాలంటే రూపాయి దించమన్న ఒత్తిడి ప్రపంచ బ్యాంకుదీ, ఐఎంఎఫ్‌దీ. దించాం. ఎగుమతులు పెరుగుతాయన్నారు. మరో పక్క అమెరికా, యూరప్ దేశాలు 1962 నుంచే మన నూలు బట్టకు కోటా గీత గీసి ఉన్నాయి. ధర తగ్గించు అంటారు, తగ్గిస్తే ఇంతకంటే ఎక్కువ కొనం అంటారు. రూపాయి దించడం ఆ రోజు తప్పించుకోలేనిది అన్న వాదనను మేము కొట్టిపారేయం. ఈ రెండు నాలుకల మాట మాత్రం మేము ఒప్పుకోము.

చివరికి మాట తప్పింది ఎవరు? 1971 ఆగస్టు 15 రాత్రి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఇక డాలర్‌కు బంగారం ఇవ్వం అన్నాడు. వియత్నాం యుద్ధం ఖర్చులు, నోట్లు ఎక్కువ, బంగారం తక్కువ. నిజాం ఖజానాలో కల్దార్లు అయిపోతే ఏమయ్యేదో అదే అయ్యింది. తేడా ఒకటే. నిజాం మాట తప్పితే హాలీ చెల్లదు. అమెరికా మాట తప్పినా డాలర్ చెల్లుతూనే ఉంది, చమురు ఎక్కువగా దానితోనే కొనాలి. పిల్లవాడి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదీ.

మన ఇళ్ళల్లో చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ నాణెం గానీ, హాలీలో రాసుకున్న పాత చిట్టా గానీ ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. 6కు 7 లెక్క మీ తాతల నోట విన్నవాళ్ళు ఆ ముచ్చట కూడా రాయండి.